దినమొక సంకీర్తన: తాళ్లపాక వారి నిత్యవిధి, పదరచనా స్వరూపం

కావ్యరచనకు కావలసిన వసతుల ప్రస్తావన రాగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది అల్లసాని పెద్దన పేరున ప్రచారంలో ఉన్న చాటుపద్యం. అలజడి లేని చోటు, దూతిక తెచ్చి ఇచ్చే కప్పురపు విడెం, మనసుకు నచ్చిన భోజనం, ఊయలమంచం, ఒప్పుతప్పులు అరయగల రసజ్ఞులు, కవి ఊహను ఇట్టే పట్టుకోగల లేఖకులు, పాఠకులు ఉండాలని, ఇవేవీ సమకూర్చకుండా ఊరికే కృతులు రచించమంటే సాధ్యమా అని ఆ పద్యం అడుగుతుంది. పద్యం పెద్దనదే అయినా కాకపోయినా, అది ఒక అభిప్రాయానికి ప్రతినిధి. కవిత్వం పరిస్థితులు అనుకూలించినప్పుడు పుడుతుంది, అనుకూలింపజేయవలసిన బాధ్యత ఇతరులది అన్నదే ఆ అభిప్రాయం. ఆ జాబితాలో స్థలం ఉంది, సామగ్రి ఉంది, మనుషులు ఉన్నారు. వేళ మాత్రం లేదు. ఏ జామున రాయాలి, ఎన్నాళ్లకొకసారి రాయాలి అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

పెద్దనకు ఒక శతాబ్దం ముందే తిరుమలలో దీనికి పూర్తిగా భిన్నమైన విధానం మొదలైంది. అందులో ప్రధానమైనది వేళ ఒక్కటే. రోజు గడిచేలోగా ఒక పాట స్వామికి అందాలి. తాళ్లపాక అన్నమాచార్యులు పాటించి, కుమారుడు పెదతిరుమలాచార్యులకు అప్పగించినట్లు సంప్రదాయం చెప్పే ఈ నియమాన్ని భక్తికి నిదర్శనంగా ఎందరో కీర్తించారు. అది రచనాపద్ధతి కూడా అన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. రోజూ రాయడం అన్న షరతు పద స్వరూపాన్ని, అందులోని పునరుక్తిని, దానిని మనం చదివే తీరును ఎలా నిర్ణయించిందో పరిశీలించడం ఈ వ్యాస పరిధి.

రాజశేఖరుని కవిదినం

కవి దినచర్యను శాస్త్రవిషయంగా స్వీకరించిన అలంకారికుడు రాజశేఖరుడు. పదో శతాబ్దపు తొలినాళ్లలో, కన్యాకుబ్జ ప్రతీహారుల ఆస్థానంతో సంబంధం ఉన్న కాలంలో ఆయన రచించిన కావ్యమీమాంసలోని పదో అధ్యాయం కవిచర్యను, రాజచర్యను వివరిస్తుంది. ఉదయాన సంధ్యోపాసన, సారస్వత సూక్త పఠనం. తొలి జాము విద్యాభ్యాసానికి, రెండో జాము కావ్యరచనకు. మధ్యాహ్నం స్నానభోజనాల తరువాత కావ్యగోష్ఠి. నాలుగో జామున, ఒంటరిగానో పరిమితమైన పరిషత్తుతోనో, ఉదయం రాసినదానికి పరీక్ష. సాయంసంధ్య ముగిశాక, పరీక్షకు నిలిచినదాన్ని రాసిపెట్టుకోవడం. నడిరేయి రెండు జాములూ నిద్ర, నాలుగో జామున ప్రయత్నపూర్వకంగా మేల్కొనడం.

ఈ పట్టికలో అన్నిటికంటే విలువైనది నాలుగో జాము. రసావేశంలో రాసేవానికి ఆ క్షణాన వివేచన దృష్టి ఉండదు కాబట్టి తరువాత పరీక్షించుకోవాలని రాజశేఖరుడు కారణం కూడా చెప్పాడు. రాసినవాడు, దిద్దేవాడు ఒకే మనిషి అయినప్పటికీ ఇద్దరికీ వేరు వేరు వేళలు కేటాయించడమే ఇందులోని సూక్ష్మం. అంటే ఇక్కడ దినచర్య ప్రతిభను పిలిచే తంతు కాదు, ప్రతిభకు కళ్లెం. కవికి కావలసిన పరికరాలు పలక, బలపం, తాటాకు, గంటం వంటివని ఆచార్యులు అంటుంటే, ప్రతిభే పరికరమని ఆయన స్వమతంగా చెప్పడం కూడా ఈ అధ్యాయంలోనిదే. ప్రతిభను అంతగా నమ్మినవాడే జాములవారీ పట్టిక గీయడంలో వైరుధ్యం లేదు.

కాలంతో కవికి ఉండే సంబంధాన్ని బట్టి రాజశేఖరుడు కవులను నాలుగు రకాలుగా విభజించాడు. లోపలి గదిలో చేరి ఇతర వ్యాసంగమే లేకుండా రాసేవాడు అసూర్యంపశ్యుడు. రాయాలన్న అభినివేశం కలిగినప్పుడు కూర్చుని రాసేవాడు నిషణ్ణుడు. సేవాదికాలకు భంగం రాకుండా దొరికిన విరామంలో రాసేవాడు దత్తావసరుడు. ఏదైనా సందర్భాన్ని పురస్కరించుకొని రాసేవాడు ప్రాయోజనికుడు. అన్నమయ్యను ఈ నాలుగింట ఎక్కడ ఉంచాలన్నది తేలిక ప్రశ్న కాదు. ఉత్సవానికో సేవకో పాట కట్టినప్పుడు ఆయన ప్రాయోజనికుడు. అయితే ప్రయోజనం ప్రతిదినం ఉన్నప్పుడు అది సందర్భం అనిపించుకోదు. విరామంలో రాశాడనడానికి, రచనే సేవ అయినప్పుడు దేని మధ్య విరామం? అలంకారశాస్త్రం ఊహించని ఐదో కోవ ఇది. ఇక్కడ కవి దినచర్యలో కవిత్వానికి ఒక జాము దొరకడం కాదు, కవిత్వమే దినచర్యలోని విధుల్లో ఒకటి.

లెక్కలు, లెక్కల వెనుక ఉన్నవి

తాళ్లపాక వారి రాగిరేకుల ఆరంభంలోని శాసనభాగం అన్నమయ్యకు పదహారేండ్ల వయసున తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైన ఘట్టాన్ని శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంతో ముడిపెడుతుంది. అవసానాన్ని శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశిగా పేర్కొంటుంది. క్రీస్తుశకంలో ఇవి 1424, 1503. మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము సంకీర్తనల సంఖ్యను 32,000గా చెప్పింది. ఈ రెండు ఆధారాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. దాదాపు డెబ్బయి ఎనిమిదిన్నర ఏండ్లకు రోజులు 28,500 పైచిలుకు. ముప్పై రెండు వేల పాటలు కావాలంటే తొమ్మిది రోజులకు పది పాటల చొప్పున సాగాలి. రోజుకు ఒకటికి తగ్గకుండా అన్న నియమానికి ఈ సంఖ్య ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది.

ఈ దగ్గరితనాన్ని రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. నియమం నిజంగా సాగింది కాబట్టి సంఖ్య అంత అయిందనవచ్చు. లేదా నియమం తెలిసిన మనుమడు దాన్నిబట్టే ఒక నిండు సంఖ్యను నిలిపాడనీ అనవచ్చు. రెండోది నిజమైనా నియమం బలపడుతుందే తప్ప బలహీనపడదు. తాత కృషిని కొలవడానికి వంశం ఎంచుకున్న కొలమానం దినమే అని అప్పుడూ తేలుతుంది.

త్యాగరాజస్వామి విషయంలో ఇలాంటి సంఖ్యే ఉంది. ఆయన తొంభై ఆరు కోట్ల రామనామ జపాన్ని ఇరవై ఒక్క ఏండ్లలో, దినానికి లక్షా ఇరవై ఐదు వేల చొప్పున పూర్తి చేశాడని ప్రసిద్ధి. గుణకారం సరిగ్గా సరిపోతుంది. కానీ ఒక అహోరాత్రంలో ఉన్నవి 86,400 సెకన్లే. నిద్రాహారాలు మాని జపించినా సెకనుకు ఒకటికి మించి నామం పలకాలి. ఉంఛవృత్తికి వీధుల్లో తిరిగిన కాలం, శిష్యులకు పాఠం చెప్పిన కాలం ఈ లెక్కలో ఎక్కడా ఇమడవు. కాబట్టి ఆ సంఖ్యను వ్రతదీక్షకు గుర్తుగా స్వీకరించాలి గాని గణాంకంగా కాదు. అన్నమయ్య సంఖ్య అలాంటిది కాదు. రోజుకు ఒక పాట, అప్పుడప్పుడు రెండు అన్నది మనిషి చేయగల పని. తెలుగు జీవితచరిత్రల్లో అతిశయోక్తి అనిపించే సంఖ్యలన్నిటినీ ఒకే గాట కట్టకూడదనడానికి ఈ తేడా చాలు.

ఇప్పుడు లభ్యమవుతున్న అన్నమయ్య సంకీర్తనలు సుమారు 12,000. దినమొకటే అనుకొని లెక్కించినా వారంలో ఉజ్జాయింపుగా మూడు దినాల పాటలు మనకు దక్కాయి, నాలుగు దినాలవి పోయాయి. అయితే ఏ పాట ఏ నాటిదో రేకులు చెప్పవు. పాటకు రాగం పేరు ఉంది, రేకుకు సంఖ్య ఉంది, అధ్యాత్మ శృంగార విభాగం ఉంది. తేదీ లేదు. దినదినమూ పుట్టిన వాఙ్మయం తన దినాలను పోగొట్టుకొని మన చేతికి వచ్చింది. అన్నమయ్యలో యౌవనపు పాట ఏది, తొంభై ఏండ్ల వయసున పాడినది ఏది అన్న పరిణామ చర్చ శైలి ఆధారంగా చేసే ఊహ దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

ఒక దినానికి సరిపడే రూపం

తాళ్లపాక పదాల్లో అత్యధికం ఒక పల్లవి, మూడు చరణాలు, చివరి చరణంలో వేంకటేశ్వర ముద్ర అన్న చట్రంలో నడుస్తాయి. ఈ స్థిరత్వానికి గానసౌకర్యం ఒక కారణం. అది కాదనలేనిది. కానీ గానసౌకర్యం ఒక్కటే కారణమైతే చరణాల సంఖ్యలో మరింత వైవిధ్యానికి అవకాశం ఉండేది. ప్రబంధకవికి ఆశ్వాసం ముగియడానికి నెలలు పట్టినా ఇబ్బంది లేదు. నిత్యనియమం ఉన్న కవికి మాత్రం పని నేడే ముగియాలి, రేపటికి కొత్తది మొదలుకావాలి. పల్లవిలో ఒక భావం స్థిరపడుతుంది. మూడు చరణాలు దానికి దృష్టాంతాలో, వాదాలో, సన్నివేశాలో సమకూరుస్తాయి. ముద్రతో ఆ దినపు లెక్క చెల్లుతుంది. ఏమి చెప్పాలన్నది కొత్తగా వెదకవలసిందే గాని, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నవి ముందే తేలిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లపాటు ఒక వ్రతం తెగకుండా సాగడానికి ఈ ముందస్తు నిశ్చయం చేసిన మేలు తక్కువది కాదు.

విషయానికి కూడా ఇలాంటి ఆధారమే ఉంది. ఆలయంలో మేలుకొలుపు నుంచి పవ్వళింపు వరకు, శుక్రవారపు అభిషేకం నుంచి బ్రహ్మోత్సవ వాహనాల వరకు ఒక కాలచక్రం తిరుగుతూ ఉంటుంది. వస్తువు కోసం కవి ఎక్కడికో పోనక్కరలేదు, ఆ వేళకు జరుగుతున్న సేవ ఏదో ఒకటి అందిస్తుంది. శృంగార సంకీర్తనల్లో చెలికత్తెల మాటలు, అలకలు, ఎత్తిపొడుపులు వందలాదిగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు మధురభక్తి ఒక సమాధానం. ఒకే సన్నివేశాన్ని నిన్నటికంటే వేరుగా ఈరోజు చెప్పవలసి రావడం రెండో సమాధానం.

ఇక్కడే పునరుక్తి ప్రశ్న వస్తుంది. అన్నమయ్య సంపుటాలను వరుసగా చదివినవారెవరికైనా అదే ఉపమానం, అదే వాదం, అదే పురాణకథల జాబితా మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. విమర్శ దీన్ని సాధారణంగా రెండు విధాలుగా దాటవేసింది. భక్తిలో పునరుక్తి దోషం కాదని ఒక మాట. మేలైనవాటిని ఏరి తక్కినవాటిని పక్కన పెట్టడం మరొక మార్గం. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహావిద్వాంసులు ఎంచి స్వరపరిచిన కీర్తనల వల్లనే అన్నమయ్య తిరిగి ప్రజల నోట నిలిచాడు. ఆ మేలును తక్కువ చేయలేము. కానీ ఏరిన నూరు పాటలు చదివినవారికి అన్నమయ్య ప్రతిసారీ శిఖరంపై నిలిచిన కవిగా కనబడతాడు. నిత్యవిధి కవి అలా ఉండడు. అతని పాటల్లో సామాన్యమైనవి ఉన్నాయి, పల్లవి మెరిసి చరణాలు వాడినవి ఉన్నాయి, చట్రమే నడిపించుకుపోయినవి కూడా ఉన్నాయి. వాటిని పేరు పెట్టి చెప్పడానికి విమర్శ జంకనక్కరలేదు. సామాన్యమైన పాటలు లేకపోతే ఆ పద్ధతే లేదు. ఒక రేకులో వాడిన ఊహ మరెక్కడో పదును తేరి కనిపించినప్పుడు, మొదటిది విఫలయత్నమనీ రెండోది సఫలమనీ విడదీయడం కంటే రెండింటినీ ఒకే కృషిలోని భిన్నదినాలుగా చదవడం న్యాయం. రాజశేఖరుని నాలుగో జాము, అంటే పరీక్షాసమయం, తాళ్లపాక విధానంలో మరునాటి పాటగా మారిందని దీన్నిబట్టి ఊహించవచ్చు. నిన్నటి పాటను దిద్దుకునే బదులు ఈనాడు మరొకటి పాడటమే ఇక్కడి సవరణ.

పువ్వూ రాగీ

రేకుల్లోని శాసనభాగం అన్నమయ్య ఈ సంకీర్తనలను రచించాడనదు, విన్నపం చేశాడంటుంది. విన్నపం అధికారి సముఖంలో చేసేది, ఆనాటికి ఆనాడు చేసేది. నైవేద్యమూ అంతే. నిన్నటి ప్రసాదాన్ని నేడు నివేదించరు. నిన్నటి పూలు నేటికి నిర్మాల్యం. ఈ తర్కం ప్రకారం స్వామికి వినిపించిన పాట పని అయిపోయింది, దాన్ని దాచవలసిన అవసరం లేదు. అయినా పదహారో శతాబ్దంలో తాళ్లపాక వంశీకులు అపారమైన ద్రవ్యం వెచ్చించి వాటిని రాగిపై చెక్కించారు. శాసనాలకు వాడే లోహంపై రోజువారీ విన్నపాలు ఎక్కడం సామాన్యమైన సంగతి కాదు.

ఈ వైరుధ్యం అన్నమయ్యకే తెలుసుననిపిస్తుంది. ఆయన ప్రసిద్ధ సంకీర్తన ఒకటి పాటలను స్వామి పాదాల చెంత దాచుకోమని కోరుతుంది. వాటిని పూజపువ్వులుగా భావిస్తుంది. ఆపై, తమను రక్షించడానికి ఒక్క సంకీర్తన చాలునని, తక్కినవి భండారంలో పడి ఉండనిమ్మని అంటుంది. ఈ మాటను వినయంగా మాత్రమే చదవడం ఆనవాయితీ. కానీ దానిలోని వాదం తీక్ష్ణమైనది. ఒక్కటి చాలినప్పుడు వేలు ఎందుకు? మోక్షానికైతే అక్కరలేదు. స్వామికి లోటు లేదు. ఇక మిగిలిన కారణం పాడేవానిదే. రేపటి దినం కూడా ఒక దినం కాబట్టి రేపు కూడా పాడాలి. పాట విలువను ఫలం నుంచి విడదీసి, పాడటంలోనే నిలిపిన మాట అది. పువ్వును, భండారాన్ని ఒకే పాటలో పక్కపక్కన ఉంచిన కవికి తన కృషి రెండు స్వభావాలూ ఎరుకే. తరువాతి కాలంలో రేకులు భద్రపరచిన గదికి సంకీర్తన భండారమన్న పేరే నిలిచింది. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో అవి వెలుగులోకి వచ్చేదాకా ఆ పాటలు కవి అన్నట్లు నిజంగానే అక్కడ పడి ఉన్నాయి.

ఎవరి దినం

నిత్యనియమం గురించిన ఏ చర్చ అయినా ఆ దినం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న దగ్గర ఆగక తప్పదు. పెద్దన పేరిటి పద్యంలో విడెం తెచ్చే దూతిక ఉంది, వంట చేసినవారెవరో ఉన్నారు. రాజశేఖరుని కవికి తోటలతో కూడిన ఇల్లు, పరిచారకులు ఉన్నారు. ఆ అధ్యాయంలోనే ఆయన పురుషుల మాదిరి స్త్రీలూ కవులు కావచ్చునని, సంస్కారం ఆత్మకు చెందినదే గాని స్త్రీపురుష విభాగాన్ని ఆశ్రయించదని అన్నాడు. మెచ్చదగిన మాట. కానీ ఆయన గీసిన జాముల పట్టికలో ఇల్లు నడిపే మనిషికి ఒక్క గడియ కూడా కేటాయించలేదు.

అన్నమాచార్య చరిత్రములో దీనికి సంబంధించిన చిన్న ఘట్టం ఉంది. ఇంటివారు బాలుడైన అన్నమయ్యకు పనులు చెబుతారు. గడ్డి కోస్తుండగా కొడవలి వేలికి తెగుతుంది. ఆ క్షణాన ఆ బంధాలను వదలి తిరుమలకు పోయే యాత్రికులతో కలుస్తాడు. దీన్ని వైరాగ్యోదయంగా చదువుతారు. ఒక దినచర్యను విడిచి మరొక దినచర్యను వరించడంగా కూడా చదవవచ్చు. గడ్డి కోత నిత్యమే, పాట నిత్యమే. విడిచిపోగల అవకాశం అతనికి ఉంది.

ఆయన భార్య తాళ్లపాక తిమ్మక్క మంజరీ ద్విపదలో సుభద్రాకల్యాణం రచించింది. తొలి తెలుగు కవయిత్రిగా ఆమెను సాహిత్యచరిత్రలు గౌరవిస్తాయి. భర్తకు రోజుకొక పాట నియమం. ఆమె ఏ వేళ రాసింది? రాజశేఖరుని పరిభాషలో ఆమె దత్తావసర కవయిత్రి అనడం సులభం. కానీ ఆ అవసరాన్ని ఆమెకు ఎవరూ ఇచ్చి ఉండరు, ఆమే చేసుకొని ఉండాలి. ఒకే ఇంట ఒకరి నియమానికి ఏడు తరాలకు చాలినంత కీర్తి వచ్చింది, మరొకరి పనివేళల సంగతి ఏ ద్విపదకూ ఎక్కలేదు.

మరొక వైపు చూస్తే, ఇంటిపని కవిత్వానికి శత్రువని తేల్చడం కూడా తొందరపాటే. దంపుళ్ల దగ్గర, తిరుగలి దగ్గర, ఉయ్యాల దగ్గర పుట్టిన పాటలు స్త్రీల నిత్యకృత్యం ఇచ్చిన రూపాలు. రోకటి పోటు అక్కడ తాళం. అన్నమయ్య సువ్వి పాటలు, లాలి, జోల, గొబ్బి పాటల ఫణితులను విరివిగా స్వీకరించాడు. ఆయన నిత్యనియమం దేవాలయ కాలచక్రాన్ని ఎంతగా ఆధారం చేసుకుందో, పేరు నమోదుకాని ఈ రెండో కాలచక్రాన్నీ అంతగా ఆధారం చేసుకుంది. సువ్వి అన్న మాటతో పాట ఎత్తుకున్నప్పుడల్లా దంచే చేతుల శ్రమ స్వామి సన్నిధికి చేరింది. ఆ చేతులు ఎవరివో మాత్రం చేరలేదు.

పెదతిరుమలాచార్యుల తరువాత మరొక తరం వరకు రచన సాగింది. అన్నమయ్య సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం నేడు లభించకపోయినా, మనుమడు చినతిరుమలాచార్యుల తెలుగు సంకీర్తన లక్షణం మిగిలింది. నియమం లక్షణగ్రంథమయ్యాక సాధారణంగా ఏ సంప్రదాయంలోనైనా జరిగేదే ఇక్కడా జరిగింది. కొత్త పాట పుట్టే వేగం తగ్గింది, పాడటం మిగిలింది. తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాతసేవ వేళ, రాత్రి ఏకాంతసేవ వేళ తాళ్లపాక వారి పాట వినిపించే ఆచారం ఇప్పటికీ ఉంది. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి ముత్యాల హారతి అన్న నానుడి అక్కడిదే. దినమూ కొత్త పాట కావాలన్న నియమం, దినమూ అదే లాలి పాడాలన్న నియమంగా మారింది. స్వామి నిద్రించే వేళకు తంబురా శ్రుతి చేసుకునే గాయకునికి ఈనాడు వస్తువును వెదికే పని లేదు. వేళకు అక్కడ ఉండటమే అతని పని.